పళ్ళూ, సుడులూ: ఫుట్‌బాల్ ఆటగాళ్ళ కొనుగోలుపై సంవాదం

ఫుట్‌బాల్‌లో ఆటగాడు క్లబ్బుతో కాలపరిమితి ఉన్న ఒప్పందం చేసుకుంటాడు. ఆ కాలం తీరకముందే అతణ్ణి ఇంకో క్లబ్బు కావాలనుకుంటే పాత క్లబ్బుకు డబ్బు కట్టాలి. దాన్నే ట్రాన్స్‌ఫర్ ఫీజు అంటారు. ఒప్పందం తీరినవాడు ఫీజు లేకుండా వస్తాడు, కానీ ఆ మేరకు జీతం ఎక్కువ అడుగుతాడు. ఏడాదిలో ఈ మార్పులకు సాధారణంగా రెండు గడువులే ఉంటాయి. గడువు దాటాక చేసిన తప్పు తెలిసినా దిద్దుకోవడానికి నెలలు ఆగాలి. ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్)లో 2021-22 నుంచి మైదానంలో ఒకేసారి నలుగురు విదేశీయులకే చోటు, జట్టు మొత్తంలో ఆరుగురికి. అలాంటి చోట ఒక్క విదేశీ ఆటగాణ్ణి తప్పుగా ఎంచుకుంటే క్లబ్బు తన విదేశీ బలంలో నాలుగో వంతు పోగొట్టుకున్నట్టే.

ఈ ఎంపిక చాలాకాలం కంటిచూపు మీదే నడిచింది. స్కౌట్ అనే మనిషి ఊరూరా తిరిగి, ఆట చూసి, పేరు రాసుకొచ్చేవాడు. ఆటను అంకెల్లో రాసే ప్రయత్నం కూడా కొత్తదేం కాదు. 1950లో ఛార్లెస్ రీప్ అనే ఇంగ్లండు అకౌంటెంటు మ్యాచ్ చూస్తూ ప్రతి పాసునూ దాడినీ పెన్సిల్‌తో గుర్తులు పెట్టుకోవడం మొదలుపెట్టాడు. 2003లో వచ్చిన 'మనీబాల్' పుస్తకం బేస్‌బాల్‌లో ఒక పేద జట్టు గణాంకాలతో ఆటగాళ్ళను ఎలా చౌకగా కొన్నదో చెప్పాక ఫుట్‌బాల్ క్లబ్బులు అంకెల వైపు గట్టిగా మళ్ళాయి. ఇప్పుడు పెద్ద క్లబ్బుల్లో స్కౌటు పక్కనే అనలిస్టు కూర్చుంటున్నాడు. వాళ్ళిద్దరి మాట ఎప్పుడూ ఒకటి కాదు.

ఆ రెండు పక్షాలనూ రంగారెడ్డి జిల్లా రావిర్యాలలో ఇద్దరి నోట వినవచ్చు. ఒకరు ఏళ్ళ తరబడి సర్కారు బడి పిల్లలకు ఆట నేర్పి రిటైరైన పీఈటీ సార్. ఇంకొకరు ఒకప్పుడు ఆ బడి జట్టుకే గోల్‌కీపర్‌గా నిలబడి, ఇప్పుడు డేటా అనలిస్టుగా పనిచేస్తున్న ఆయన శిష్యురాలు.

పీఈటీ సార్: బిడ్డా, అంగడిల ఎద్దును కొనేటోడు ఏం చేస్తడు? ముందు నోరు తెరిచి పళ్ళు చూస్తడు. రెండు పళ్ళదా, నాలుగు పళ్ళదా, పళ్ళన్నీ కలిసినయా అని. తర్వాత నాలుగడుగులు నడిపిస్తడు. కుదిరితే నాగలికి కట్టి ఒక సాలు దున్నిచ్చి చూస్తడు. కాగితం మీద అంకెలు చూసి ఎద్దును కొన్నోడు ఈ చుట్టుపక్కల ఒక్కడు లేడు. ఎద్దుకే అంత చూసుడు ఉన్నప్పుడు మనిషిని చూడకుండ ఎట్ల కొంటరు?

అనలిస్టు: సార్, మీరు ఒకటి వదిలేశారు. పళ్ళ తర్వాత సుడులు కూడా చూస్తారు. ఫలానా చోట సుడి ఉంటే ఇంటికి అచ్చిరాదని మంచి కోడెను కూడా వదిలేసి పోతారు. పళ్ళు వయసు చెప్తాయి. సుడి ఏం చెప్తుంది? రెండింటినీ చూసింది ఒకే కన్ను, రెండింటినీ నమ్మింది అదే మనసు. స్కౌట్ల సంగతీ ఇంతే. సైమన్ కూపర్, స్టెఫాన్ షిమాన్‌స్కీ 2009లో రాసిన 'సాకర్‌నామిక్స్'లో ఒక సంగతి ఉంది. ఇంగ్లండులో ఒక పెద్ద క్లబ్బు తన స్కౌట్లు పంపే పేర్లు వరసగా చూస్తే, బంగారు రంగు జుట్టున్నవాళ్ళే ఎక్కువగా ఉన్నారట. ఇరవై రెండు మందిలో ఆ జుట్టు తొందరగా కంట పడుతుంది. కంట పడ్డవాడు గుర్తుంటాడు, గుర్తున్నవాడు మంచి ఆటగాడు అయిపోతాడు. అది సుడే కదా సార్. లెక్క చేసే మొదటి పని, కన్ను చూసినవాటిలో పళ్ళేవో సుడులేవో వేరు చేయడం.

పీఈటీ సార్: సరే, వేరు చేసి చూపెట్టు. స్ట్రైకర్‌ను కొనాలె. నా లెక్క చిన్నది: ఎన్ని గోల్స్ కొట్టిండు? గోల్ కన్న పెద్ద అంకె ఏముంటది?

ఇక్కడ అనలిస్టు ఇచ్చే జవాబు ఈ శాస్త్రానికంతటికీ ఆయువుపట్టు. దాన్ని అర్థం చేసుకోవడానికి రావిర్యాలలో దూరం పోనక్కర లేదు. తెలంగాణ విజయ డెయిరీ కొత్త మెగా డెయిరీ 2023 అక్టోబరులో మొదలైంది ఈ ఊళ్ళోనే. పాల కేంద్రంలో క్యాన్ దించిన రైతు అడిగే మొదటి మాట "ఫ్యాట్ ఎంతొచ్చింది?" అని. లీటర్లు ఎన్నో కొలపాత్ర చెప్తుంది. ధర మాత్రం వెన్న శాతం మీద కడతారు. నీళ్ళు కలిసిన పది లీటర్లకూ చిక్కటి ఎనిమిది లీటర్లకూ తేడా తెలియాలంటే చిన్న గిన్నెలో కొన్ని పాలు తీసి యంత్రం కింద పెట్టాలి. గోల్స్ లీటర్ల లాంటివి. వాటి వెనక ఉన్న అవకాశాల నాణ్యతను కొలిచే అంకెను ఎక్స్‌పెక్టెడ్ గోల్స్ అంటారు, క్లుప్తంగా 'ఎక్స్‌జీ'. 2012 తర్వాత వ్యాప్తిలోకి వచ్చిన కొలత ఇది.

దాని తయారీ ఇలా ఉంటుంది. గతంలో ఆడిన వేలాది మ్యాచ్‌ల షాట్లన్నీ ఒకచోట పోగుచేస్తారు. ప్రతి షాటు గోల్‌కు ఎంత దూరం నుంచి, ఎంత కోణంలో, కాలితోనా తలతోనా, ఏ రకం పాసు అందుకుని కొట్టినదో రాస్తారు. అలాంటి షాట్లలో ఎన్ని గోల్ అయ్యాయో లెక్కకడతారు. పెనాల్టీలు నూటికి డెబ్బై అయిదుకు పైగా గోల్ అవుతాయి. అన్ని రకాల షాట్లూ కలిపితే సుమారు పదింటికి ఒకటి. పెనాల్టీ పెట్టె బయట నుంచి కొట్టినవి నూటికి నాలుగైదు కూడా కష్టమే. ఇప్పుడు ఒక ఆటగాడు కొట్టిన షాట్లకు వీటి విలువలు వేసి కూడితే, మామూలు ఆటగాడు అవే అవకాశాల నుంచి ఎన్ని గోల్స్ కొట్టేవాడో తెలుస్తుంది.

అనలిస్టు: ఊహకు ఇద్దరు స్ట్రైకర్లను తీసుకుందాం సార్. మొదటివాడు ఇరవై మ్యాచ్‌ల్లో 12 గోల్స్ కొట్టాడు. అందులో అయిదు పెనాల్టీలు. మిగతా ఏడు గోల్స్ వచ్చిన అవకాశాల విలువ మొత్తం నాలుగే. రెండోవాడు ఎనిమిదే కొట్టాడు, పెనాల్టీ ఒక్కటీ లేదు, కానీ అతనికి దొరికిన అవకాశాల విలువ పదకొండు. పేపర్లో మొదటివాడి ఫోటో వస్తుంది, ధరా అతనిదే పెరుగుతుంది. నేనైతే రెండోవాణ్ణి కొంటాను. మంచి చోటికి మళ్ళీ మళ్ళీ చేరుకోవడం అలవాటు. అది వచ్చే ఏడాదీ ఉంటుంది. నాలుగు విలువ గల అవకాశాల్లోంచి ఏడు గోల్స్ రావడం ఎక్కువసార్లు ఆ ఏటి అదృష్టం.

పీఈటీ సార్: అదృష్టమని ఎట్ల అంటవు? వాడు మంచి షూటర్ అయితడు కదా.

అనలిస్టు: కావచ్చు. కానీ ఒక్క సీజన్ చూసి చెప్పలేం. ఒక స్ట్రైకర్ ఏడాదికి నలభై షాట్లు కొడతాడనుకోండి, ఒక్కోటి గోల్ అయ్యే అవకాశం పదింట ఒకటి. సగటున నాలుగు గోల్స్ రావాలి. అదే ఆటగాడు, అదే నైపుణ్యంతో పది సీజన్లు ఆడితే ఎనిమిదింట్లో రెండుకూ ఆరుకూ మధ్య ఎక్కడైనా ఉంటాడు. రెండు కొట్టిన ఏడాది జనం తిడతారు, ఆరు కొట్టిన ఏడాది ఇంకో క్లబ్బు మూడు రెట్ల జీతం ఇస్తుంది. మనిషి మాత్రం మారలేదు.

పీఈటీ సార్: మంచిగ చెప్పినవ్. ఇప్పుడు నేను ఒక షాటు చెప్త. 2022 మార్చి 20, ఫతోర్దా. ఐఎస్‌ఎల్ ఫైనల్ల కేరళ బ్లాస్టర్స్ హైదరాబాద్ మీద ఒక గోల్ ముందున్నది. 88వ నిమిషంల మన సాహిల్ టవోరా దూరం నుంచి వాలీ కొట్టిండు. నీ లెక్కల దాని విలువ ఎంత? నూటికి మూడో నాలుగో. అది లోపలికి పోయింది కాబట్టే పెనాల్టీల దాక పోయినం, మన గోలీ కట్టిమణి మూడు ఆపిండు, హైదరాబాద్ కప్పు గెలిచింది. ఆ షాటుకు నువ్వు నాలుగు పైసలు కడుతవా?

అనలిస్టు: కప్పు తెచ్చిన షాటుకు విలువ కట్టలేను సార్, ఆ రాత్రి నేనూ టీవీ ముందు నిలబడే చూశాను. కానీ వచ్చే ఏడాది ఎవరిని కొనాలన్న ప్రశ్నకు ఆ షాటు జవాబు కాదు. జరిగినదాన్ని మెచ్చుకోవడం ఒక పని, జరగబోయేదాన్ని అంచనా వేయడం ఇంకో పని. క్లబ్బు డబ్బు పెట్టేది రెండోదానికి.

ఈ మాట దగ్గర శిష్యురాలి వాదమే గట్టిది. అయితే హైదరాబాద్ ఎఫ్‌సీ కథ ఒక్క పక్షానికే సాక్ష్యం చెప్పదు. 2019లో పుట్టిన ఈ క్లబ్బు మొదటి సీజన్‌లో 18 మ్యాచ్‌ల్లో రెండే గెలిచి, 10 పాయింట్లతో అట్టడుగున నిలిచింది. 2020లో స్పెయిన్ కోచ్ మనోలో మార్కెజ్ వచ్చాక 29 పాయింట్లతో అయిదో స్థానం. ఆ మరుసటి ఏడాది 38 పాయింట్లతో రెండో స్థానం, కప్పు. 2022-23లో 42 పాయింట్లు. ఈ ఎదుగుదలలో ఇద్దరి ఎంపిక ఈ చర్చకు బాగా పనికొస్తుంది: ఒకరు బార్తలోమ్యూ ఓగ్బెచే, ఇంకొకరు ఆకాశ్ మిశ్రా.

పీఈటీ సార్: ఓగ్బెచే సంగతే చూడు. 2021-22 మొదలయ్యేసరికి ఆయనకు 37 నిండినయ్. మీ లెక్కల పుస్తకం ఏమంటది? స్ట్రైకర్ 30 దాటితే దిగుడే అంటది. అంతకు ముందు ఏడాది ముంబైల ఎనిమిదే గోల్స్. పదిహేను నుంచి ఎనిమిదికి పడ్డడు. వయసు చూస్తే వద్దు, గోల్స్ చూస్తే వద్దు. హైదరాబాద్ తీసుకున్నది. ఏం చేసిండు? 18 గోల్స్, గోల్డెన్ బూట్. పెట్టెల నిలబడే తీరు చూసినోనికి ఆ ముసలి ఎద్దుల ఇంక దమ్మున్నదని ఎరుకైతది.

అనలిస్టు: మీరు చెప్పిన రెండంకెలూ నిజమే, కానీ ఆ రెండే చూడటం లెక్క కాదు సార్. మొత్తం వరస చూడండి. నార్త్ఈస్ట్‌కు 12, కేరళకు 15, ముంబైకి 8. మూడేళ్ళు, మూడు జట్లు, ముగ్గురు కోచ్‌లు, 35 గోల్స్, అన్నీ ఇదే లీగ్‌లో. ముంబైలో ఆ ఏడాది స్ట్రైకర్ చోటు కోసం ఆడం లె ఫాండ్రె కూడా ఉన్నాడు, అతను 11 కొట్టాడు. చోటు ఇద్దరు పంచుకున్నప్పుడు మ్యాచ్‌లు కాదు, నిమిషాలు లెక్కపెట్టాలి. మేం అంకెలన్నీ తొంభై నిమిషాలకు సరిచేసి చూసేది అందుకే. ఆ వరస చూసిన ఏ అనలిస్టూ ఎనిమిదిని చూసి బెదరడు. హైదరాబాద్‌లో 18, ఆ తర్వాత 10, మొత్తం 63 గోల్స్‌తో అప్పటికి లీగ్ చరిత్రలో ముందు నిలిచాడు.

పీఈటీ సార్: వయసుకు ఏం చెప్తవు?

అనలిస్టు: వయసు గీత సగటు మనిషిది. పరుగు మీద బతికేవాడు ముందు తగ్గుతాడు, నిలబడే చోటు మీద బతికేవాడు ఆలస్యంగా తగ్గుతాడు. ఆయన ఏ రకమో నా అంకెలు కొంత చెప్తాయి, మీ కన్ను ఇంకా బాగా చెప్తుంది. దాన్ని ఒప్పుకుంటాను. పైగా ఒక్క ఏడాది ఒప్పందం అయితే వయసు ప్రమాదం సగం తగ్గిపోతుంది. ఎవరిని కొనాలన్న దానితోపాటు ఎన్నేళ్ళకు కొనాలన్నది కూడా లెక్కలోదే.

పీఈటీ సార్: మరి ఆకాశ్ మిశ్రా? 2020ల వచ్చేనాటికి పద్దెనిమిదేండ్ల పిలగాడు. ఐఎస్‌ఎల్‌ల ఒక్క మ్యాచ్ ఆడలే. ఏ అంకెలు చూసి తీసుకుంటవు వానిని? ఐఎస్‌ఎల్ అంకెలే లేవాయె. ఎవరో ఒక మనిషి గ్రౌండుల నిలబడి, వాని ఎడమ కాలు చూసి, బంతి పోయినంక వాడు వెనకకు ఉరికొచ్చే తీరు చూసి, వీడు పనికొస్తడు అన్నడు. రెండేండ్లల్ల ఇండియా జట్టుల ఆడిండు. 2023ల ముంబై కొనుక్కపోయింది.

అనలిస్టు: ఇక్కడ నా దగ్గర జవాబు లేదు సార్. అంకెలు లేనిచోట లెక్క గుడ్డిది.

ఈ ఒప్పుకోలు చిన్నది కాదు. గణాంకాలతో కొనుగోలు చేసే క్లబ్బులన్నీ, పోగైన డేటా ఉన్న లీగ్‌ల చుట్టూనే తిరుగుతాయి. డేటా ఉన్నచోట మాత్రం ఫలితం పెద్దదే. లండన్‌లోని బ్రెంట్‌ఫర్డ్ క్లబ్బును పందేల గణితంలో ఆరితేరిన మాథ్యూ బెన్హమ్ తన చేతిలోకి తీసుకున్నాక, అది నాలుగో శ్రేణిలో ఆడే ఎక్సెటర్ నుంచి ఓలీ వాట్కిన్స్‌ను 2017లో సుమారు 18 లక్షల పౌండ్లకు కొని, 2020లో 2.8 కోట్ల పౌండ్లకు ఆస్టన్ విల్లాకు అమ్మింది. మరుసటి ఏడాదే, 74 ఏళ్ళ ఎడం తర్వాత, ఇంగ్లండు అగ్రశ్రేణిలో అడుగుపెట్టింది. లివర్‌పూల్‌లో ఇయన్ గ్రాహమ్ అనే భౌతికశాస్త్ర పట్టభద్రుడు 2012 నుంచి పరిశోధన విభాగం నడిపాడు. 2017లో కోచ్ యుర్గన్ క్లాప్ మనసు జర్మనీ ఆటగాడు యూలియాన్ బ్రాంట్ మీద ఉండగా, మహమ్మద్ సలాహ్‌ను తీసుకోమని క్లబ్బులోని అంకెల పక్షం పట్టుబట్టింది. సలాహ్ అంతకుముందు చెల్సీలో నిలదొక్కుకోలేకపోయాడు. కంటికి గుర్తుండిపోయింది ఆ వైఫల్యమే. అంకెలకు గుర్తున్నది చెల్సీలో అతను ఆడిన కొద్ది నిమిషాలు ఎంత తక్కువో, ఇటలీలో ఆడిన వేల నిమిషాలు ఎంత మంచివో. లివర్‌పూల్‌లో మొదటి సీజన్‌లోనే అతను 32 లీగ్ గోల్స్ కొట్టాడు. 38 మ్యాచ్‌ల సీజన్‌లో అది అప్పటికి రికార్డు.

పీఈటీ సార్: బ్రెంట్‌ఫర్డ్ పేరు తెచ్చినవు కాబట్టి అడుగుత. ఆ క్లబ్బే 2016ల పిల్లల అకాడమీని మూసేసింది కదా. ఎందుకు మూసింది? లెక్క కుదరలేదని. పెంచిన పిల్లల్ని పక్కనున్న పెద్ద క్లబ్బులు చిన్న మొత్తానికి ఎత్తుకపోతున్నయని. లెక్కకు అది సరే. కానీ ఆ వీధిల పదేండ్ల పిలగాడు ఏడికి పోవాలె? మీ లెక్క కొనేటోనికే. పెంచేటోనికి ఏమున్నది?

అనలిస్టు: అకాడమీని తర్వాత మళ్ళీ తెరిచారు సార్. కానీ మీ ప్రశ్న అలాగే ఉంది. కొనుగోలు లెక్కలో పిల్లవాడు ఖర్చు పద్దులో పడతాడు. ఆ పద్దు ఎవరు భరించాలన్నది అంకెలు చెప్పవు.

పీఈటీ సార్: ఇంకొకటి. సుడులు కంటికే ఉంటయా? అంకెలకు లేవా? మాంచెస్టర్ యునైటెడ్ 2001ల యాప్ స్టామ్‌ను లాజియోకు అమ్ముకున్నది. వయసు 29. ట్యాక్లింగులు తగ్గినయని అంకెలు చూపెట్టినయంట, అది కూడ ఒక కారణమంటరు. వాని జాగల 35 ఏండ్ల బ్లాంక్‌ను తెచ్చిండ్రు. ఆ ఏడు యునైటెడ్ మూడో స్థానానికి పడ్డది. స్టామ్ ఏమో ఆ తర్వాత మిలాన్ దాక పోయి 2005ల ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ ఆడిండు. తప్పు చేసిన అని మేనేజర్ ఫెర్గూసనే ఒప్పుకున్నడు. మంచి డిఫెండర్ ట్యాక్లింగ్ ఎందుకు చేస్తడు బిడ్డా? బంతి ఎటొస్తదో ముందే తెలిసి ఆడ నిలబడ్డోనికి కాలు అడ్డం పెట్టే పనే ఉండదు. చేనుకు కంచె గట్టిగ ఉంటే కావలోడు కట్టె ఎత్తడు. కట్టె ఎత్తలేదని కావలోణ్ణి తీసేస్తే ఎట్ల?

స్టామ్ ఉదాహరణ గణాంకాల వాళ్ళకే పాఠంగా నిలిచింది. సులువుగా లెక్కపెట్టగలిగిందంతా ముఖ్యమైనది కాదు. తొలిరోజుల్లో డేటా కంపెనీలు అమ్మినవి పాసులు, ట్యాక్లింగులు, పరుగెత్తిన కిలోమీటర్లు. బంతి తాకినప్పుడు జరిగినదే వాటిలో ఉంటుంది. ఒక ఆటగాడి కాలి దగ్గర బంతి ఉండేది తొంభై నిమిషాల్లో ఒకటి రెండు నిమిషాలు. మిగతా కాలమంతా అతను ఎక్కడ నిలబడ్డాడన్నదే డిఫెండర్ పని. ఇప్పుడు కెమెరాలు ఇరవై రెండు మందీ నిలబడే చోటును సెకనుకు చాలాసార్లు నమోదు చేస్తున్నాయి. ఖాళీ జాగాను ఎవరు మూశారో కొంతవరకు లెక్కకు వస్తోంది. కానీ ఆ కెమెరాలు ఖరీదైన స్టేడియాల్లో ఉంటాయి.

అనలిస్టు: అంకెలకు సుడులున్నాయని ఒప్పుకుంటాను. కానీ తేడా ఒకటుంది సార్. స్టామ్ విషయంలో తప్పు ఎక్కడ జరిగిందో వెనక్కి వెళ్ళి చూడగలిగాం. ట్యాక్లింగుల గడి తప్పని తెలిసింది, ఆ గడి మార్చారు. కంటి తప్పును అలా పట్టుకోలేం. 1996లో సౌతాంప్టన్ క్లబ్బు అలీ దియా అనే అతణ్ణి పేరుమోసిన ఆటగాడు జార్జ్ వెయా బంధువని ఎవరో ఫోన్లో చెప్పిన మాట నమ్మి తీసుకుంది. ప్రీమియర్ లీగ్ మ్యాచ్‌లోనే సబ్‌స్టిట్యూట్‌గా దింపి, ఆట చూడలేక అదే మ్యాచ్‌లో బయటికి పిలిచింది. ఆ ఫోన్ మాటకు ఒక్క అంకె అడ్డం పడినా చాలేది.

పీఈటీ సార్: అది కన్ను తప్పు కాదు, చూడకపోవుడు తప్పు.

అనలిస్టు: అదీ నిజమే.

తర్వాతి చిక్కు లీగ్‌ల మధ్య మారకం విలువ. స్పెయిన్ మూడో శ్రేణిలో పది గోల్స్ కొట్టినవాడు ఇండియాలో ఎన్ని కొడతాడు? అనలిస్టులు దీనికి రెండు లీగ్‌లలోనూ ఆడిన ఆటగాళ్ళ అంకెలు పక్కపక్కన పెట్టి ఒక నిష్పత్తి తీస్తారు. అలా మారినవాళ్ళు కొద్దిమందే కాబట్టి ఆ నిష్పత్తి గట్టిది కాదు. ఎండ, తేమ, ప్రయాణాలు, భాష, కుటుంబం అందులోకి రావు. ఓగ్బెచే లాంటి, అదే లీగ్‌లో నిరూపించుకున్నవాడి ధర ఎక్కువగా ఉండటానికి సగం కారణం ఇదే. అజీజ్‌నగర్ కేంద్రంగా, రంగారెడ్డి జిల్లాలోనే ఉన్న శ్రీనిధి డెక్కన్ కూడా ఈ చిక్కును దాటవలసిందే. ఆ క్లబ్బు 2022-23, 2023-24 రెండు సీజన్లలోనూ ఐ-లీగ్‌లో రెండో స్థానంలో నిలిచింది. ఇంత చిన్న మార్కెట్లో ఒక కొలంబియా స్ట్రైకర్ కుదిరాడా లేదా అన్నదాని మీద ఏడాది భవిష్యత్తు ఆధారపడి ఉంటుంది.

పీఈటీ సార్: ఇంత లెక్క చెప్పినవు. మరి 2023-24ల హైదరాబాద్‌కు ఏమైంది? 42 పాయింట్ల జట్టు 22 మ్యాచ్‌లల్ల ఒక్కటి గెలిచి 8 పాయింట్లకు ఎట్ల పడ్డది?

అనలిస్టు: అది ఎంపిక తప్పు కాదు సార్. జీతాల బకాయిలు. ఫిర్యాదులు ఫిఫా దాకా వెళ్ళి, కొత్త ఆటగాళ్ళను నమోదు చేసుకోకుండా నిషేధం పడింది. విదేశీయులు దాదాపు అందరూ సీజన్ మధ్యలోనే వెళ్ళిపోయారు, పేరున్న మన ఆటగాళ్ళూ వెళ్ళారు. మిగిలింది కుర్రాళ్ళు. వాళ్ళు ప్రతి వారం ఓడిపోతూ కూడా మైదానంలోకి దిగారు. ఇంగ్లండు లెక్కల్లో కూడా ఇదే కనపడుతుంది. 1978 నుంచి 1997 దాకా నలభై క్లబ్బులు చూస్తే, లీగ్ స్థానాల్లో తేడాలకు ట్రాన్స్‌ఫర్ ఖర్చు చెప్పగలిగింది 16 శాతం, జీతాల ఖర్చు చెప్పగలిగింది 92 శాతం అని 'సాకర్‌నామిక్స్' చెప్తుంది. కొనేటప్పుడు కట్టే ధరలో తప్పులెక్కువ. నెలనెలా ఇచ్చే జీతమే ఆటగాడి అసలు విలువకు దగ్గరగా ఉంటుంది. ఆ జీతమే ఆగితే ఏ లెక్కా నిలబడదు.

2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. సయ్యద్ అబ్దుల్ రహీమ్ ఊరికి అగ్ర లీగ్‌లో జట్టు లేకుండా పోయింది. ఈ నష్టాన్ని అంకెలతో చెప్పడం కష్టం. రహీమ్ వృత్తిరీత్యా బడిపంతులు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్ళు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన కోచ్‌గా ఉండగా భారత్ 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం సాధించింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం పొందింది. 1963లో ఆయన పోయాడు. సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరామ్ లాంటివాళ్ళను ఆయన ఏ డేటా లేకుండానే పట్టుకున్నాడు.

పీఈటీ సార్: అందుకే అంటున్న. రహీమ్ సాబ్ దగ్గర కంప్యూటర్ ఉండెనా?

అనలిస్టు: కంప్యూటర్ లేదు, కానీ కొలత ఉండేది సార్. ఎడమ కాలు బలహీనంగా ఉన్నవాళ్ళకు ఆ కాలితోనే ఆడే మ్యాచ్‌లు, డ్రిబ్లింగ్ లేకుండా ఆడే పోటీలు పెట్టేవాడని చెప్పుకుంటారు కదా. ఒక్కో నైపుణ్యాన్ని విడదీసి పరీక్షించడం అది. మేం చేసేదీ అదే. తేడా అల్లా, ఆయన గమనించింది ఆయనతోనే పోయింది. ఏ పిల్లవాడిలో ఏం చూశాడో రాసిన కాగితం లేదు. రెండో రహీమ్ వస్తే మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఈ జిల్లాలో ఎన్ని బడుల మధ్య మ్యాచ్‌లు జరుగుతాయి? ఒక్కదాని షాట్లైనా ఎవరైనా రాశారా? అంకెలు లేనిచోట లెక్క గుడ్డిదని ఇందాక ఒప్పుకున్నాను. ఇక్కడ అంకెలు లేకపోవడానికి కారణం రాయకపోవడమే.

పీఈటీ సార్: రాయాలంటే కెమెరాలు కావాలంటివి.

అనలిస్టు: వద్దు సార్. నూరు పేజీల నోట్‌బుక్కు చాలు. షాటు కొట్టినప్పుడల్లా ఒక గీత. ఎన్నో నిమిషం, ఎవరు, గోల్ నుంచి ఎన్ని అడుగులు, నేరుగానా పక్క నుంచా, కాలా తలా, గోలా కాదా. ఆరు గడులు. గ్రౌండు మీద సున్నం గీతలు లేకపోయినా ఆట అయ్యాక అడుగులేసి కొలిస్తే సరిపోతుంది. ఒక సీజన్ రాస్తే ఏమీ తెలియదు. మూడు సీజన్లు రాస్తే, ఏ పిల్ల, ఏ పిల్లవాడు మంచి చోటికి మళ్ళీ మళ్ళీ చేరుతున్నారో కనపడుతుంది. అప్పుడు ఏ క్లబ్బు స్కౌటైనా వచ్చి అడిగితే చూపించడానికి మీ మాటతోపాటు ఒక కాగితం ఉంటుంది.

పీఈటీ సార్: ఏడో గడి ఒకటి పెట్టు. బంతి పోగొట్టుకున్నంక ఏం చేసిండు అని. ఉరికిండా, నిలబడ్డడా.

అనలిస్టు: దాన్ని అంకెలో ఎలా రాస్తారు సార్? ఒకరికి ఉరికినట్టు, ఇంకొకరికి నిలబడ్డట్టు కనపడుతుంది.

పీఈటీ సార్: అయిదు లెక్కపెట్టేంతలోపల వెనకకు తిరిగితే ఒకటి, తిరగకపోతే సున్న. ఇద్దరు విడివిడిగ రాయాలె. ఇద్దరి రాతలు కలిస్తే గడి ఉంచు, కలవకపోతే కొట్టెయ్యి.

ఒకే ఆటను ఇద్దరు వేరువేరుగా రాసి, వాళ్ళ రాతలు ఎంత కలిశాయో చూడటం గణాంకశాస్త్రంలో పాత పరీక్షే. డేటా కంపెనీలు తమ నమోదు పనివాళ్ళ మీద ఇదే వాడతాయి. పీఈటీ సార్ దాన్ని ఏ పుస్తకంలోనూ చదవలేదు. బడి పరుగు పందేల్లో రెండు స్టాప్‌వాచీలు పట్టించిన అలవాటు అది.

రాసే పని ఎవరిదన్న ప్రశ్న ఒక్కటి మిగిలింది. సార్ విజిల్ పట్టుకుని ఆట చూడాలి, శిష్యురాలు ఆదివారం తప్ప రాలేదు. సబ్‌స్టిట్యూట్లుగా బెంచీ మీద కూర్చున్న ఇద్దరు పిల్లలకు చెరో నోట్‌బుక్కు ఇవ్వాలన్నది సార్ మాట. మైదానంలోకి పిలుపు వచ్చినప్పుడు బయటికి వచ్చినవాడి చేతికి నోట్‌బుక్కు ఇచ్చి వెళ్ళాలన్నది అనలిస్టు చేర్చిన సవరణ.